నెట్‌వర్క్ పరిభాషలో ఉపమానం: ధర్మలోప విచారణ

ఉపోద్ఘాతం

శాస్త్ర పరిభాషను గురించి తెలుగులో జరిగిన చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. పరభాషా పదాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించాలా, సంస్కృత ధాతువులతో కొత్త పదం నిర్మించాలా, లేక వాడుకలో ఉన్న తెలుగు మాటకే కొత్త అర్థం ఎక్కించాలా? 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి వెలసిన నాటినుంచి, 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పారిభాషిక పదాల పని చేపట్టిన నాటిదాకా, ఆ తరవాత కంప్యూటర్ల కాలంలోనూ ఈ ప్రశ్న మారలేదు. మూడు పక్షాలకూ సమర్థులైన వాదకులు ఉన్నారు. అయితే ఈ వాదంలో తేలేది పదం పుట్టుక మాత్రమే. పదం చేయవలసిన పని ఏమిటన్న విచారణ వెనకబడింది.

కంప్యూటర్ నెట్‌వర్క్ రంగంలోని మౌలిక పదాలను ఉదాహరణగా తీసుకుని ఆ రెండో విచారణ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక పారిభాషిక పదం తాను చెప్పదలచిన భావనను దాని పొరుగు భావన నుంచి వేరుచేయగలుగుతున్నదా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి. ఇందుకు కావలసిన సాధన సామగ్రి మన దగ్గరే ఉంది. లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అని మూడు దోషాలను తర్కశాస్త్రం చెప్పింది. గోవుకు కపిలవర్ణం లక్షణమంటే అవ్యాప్తి, కొమ్ములుండడం లక్షణమంటే అతివ్యాప్తి, ఒంటిగిట్ట లక్షణమంటే అసంభవం. అలంకారశాస్త్రం ఉపమకు ఉపమేయం, ఉపమానం, సాధారణ ధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు చెప్పి, వాటిలో ధర్మాన్ని చెప్పకుండా వదిలేస్తే దాన్ని ధర్మలుప్త అన్నది. కావ్యంలో ధర్మలుప్త శోభ. వదిలేసిన ధర్మాన్ని సహృదయుడు ఊహించుకుంటాడు, ఆ ఊహలోనే ఆస్వాదన ఉంది. శాస్త్ర వివరణలో అదే ధర్మలోపం దోషమవుతుంది. పాఠకుడు ఊహించుకునే ధర్మం, రచయిత ఉద్దేశించిన ధర్మం ఒకటే అవుతాయన్న హామీ అక్కడ లేదు.

నెట్‌వర్క్ పరిభాష ఇంగ్లీషులోనే ఆమూలాగ్రం ఉపమానమయం. వల, పొట్లం, ద్వారం, కరచాలనం, చిరునామా, వంతెన, గోడ అన్నీ లోకవ్యవహారం నుంచి తెచ్చుకున్నవే. కనుక తెలుగులోకి మనం తెస్తున్నవి ఒట్టి పదాలు కావు, ఒక సమాజం చేసుకున్న పోలికలు. ఆ పోలిక మన వ్యవహారంలో నిలుస్తుందా, జారిపోతుందా అన్నది పదం పదానికీ విడిగా చూడవలసిన విషయం.

‘జాలం’ అతివ్యాప్తి

ఇంటర్నెట్‌కు ‘అంతర్జాలం’ అన్న మాట పత్రికల్లోనూ తెలుగు వికీపీడియాలోనూ స్థిరపడింది. వినసొంపైన మాట. పంకజం లాగా యోగరూఢమై, అవయవార్థంతో పని లేకుండానే వస్తువును స్ఫురింపజేస్తున్నది. ఆ మేరకు దాని విజయాన్ని కాదనవలసిన పని లేదు. చిక్కు దాని కుటుంబంలో వచ్చింది.

వెబ్‌సైట్‌ను కొందరు జాలస్థలి అన్నారు, కొందరు జాలగూడు అన్నారు. బ్లాగును జాలపత్రిక అన్నారు. వరల్డ్ వైడ్ వెబ్ విశ్వవ్యాప్త జాలమైంది. నెట్‌వర్క్ కూడా జాలమే. ఇక్కడ నెట్, వెబ్, నెట్‌వర్క్ అన్న మూడు వేర్వేరు మాటలకు ఒకే తెలుగు మాట దిగింది. ఇంగ్లీషు మూలంలో నెట్ జాలరి వల, వెబ్ సాలెగూడు. రెండు చిత్రాలు వేరు, రెండు వస్తువులూ వేరు. కంప్యూటర్లను కలిపే వ్యవస్థకు ఆద్యమైన అర్పానెట్ 1969 అక్టోబరు 29న తొలి సందేశాన్ని పంపింది. వేర్వేరు నెట్‌వర్కులను ఒకే ఒడంబడిక కింద కలపడమెలాగో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రతిపాదించారు. 1983 జనవరి 1న అర్పానెట్ ఆ ఒడంబడికకు మారింది. వెబ్ ఆ తరవాతి సంగతి. 1989లో సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ చేసిన ప్రతిపాదన అది. అంటే వెబ్ పుట్టేనాటికే ఇంటర్నెట్ ఉంది, ఈ-మెయిల్ ఉంది, ఫైళ్ళ బదిలీ ఉంది. ఇంటర్నెట్ రహదారుల వ్యవస్థ అయితే, వెబ్ ఆ రహదారి మీద నడిచే రాకపోకల్లో ఒక రకం. ‘అంతర్జాలంలో చూశాను’ అన్న వాక్యంలో చూసింది వెబ్ పుటను. దాన్ని మోసుకొచ్చింది ఇంటర్నెట్. మోసిన దానికీ మోయబడిన దానికీ తేడా చెప్పలేని పదజాలంతో ఈ శాస్త్రంలో రెండో అడుగు పడదు.

‘అంతర్’ విషయం మరింత సున్నితమైనది. అంతర్జాతీయం, అంతర్రాష్ట్రం అన్నప్పుడు దాని అర్థం ‘మధ్య’. అంతరంగం, అంతర్గతం అన్నప్పుడు ‘లోపల’. ఇంటర్నెట్ నెట్‌వర్కుల మధ్య ఉండేది. ఒక సంస్థ తన లోపలి అవసరాలకు ఏర్పరచుకునే ఇంట్రానెట్ అన్నది మరొకటి ఉంది. అవయవార్థాన్ని బట్టి చూస్తే ‘అంతర్జాలం’ రెండింటికీ సమానంగా చెల్లుతుంది. మొదటిదానికి రూఢమైపోయింది కనుక రెండోదానికి మాట లేకుండా పోయింది. పాత వాడుకలో ‘జాలము చేయుట’ అంటే జాగు చేయుట అన్న అర్థం కూడా ఉండేదని గుర్తుచేసుకుంటే, తెరమీద చక్రం తిరుగుతూ ఉన్నంతసేపూ ఈ పదం సార్థకమే అనిపిస్తుంది. అది వేరే సంగతి.

ఇంత చెప్పినా వల అన్న చిత్రంలో మనం వాడుకోని బలం ఒకటి మిగిలే ఉంది. నోడ్ అన్న మాటకు లాటిన్ మూలార్థం ముడి. తెలుగులో వృక్షశాస్త్రం దీన్ని కణుపు అన్నది, భౌతికశాస్త్రం తరంగాల సందర్భంలో అస్పందన స్థానమన్నది; రెండూ తమతమ శాస్త్రాలకు తగినవి. నెట్‌వర్క్‌లో మాత్రం ‘ముడి’ అన్నదే సరైన మాట. వలలో దారం ఎంత ఉన్నా దాన్ని వలగా నిలిపేది ముళ్ళే. ఒక ముడి దగ్గర ఒకటికంటె ఎక్కువ దారాలు కలుస్తాయి. ఒక దారం తెగితే బరువు పక్క ముడి మీదుగా పోతుంది. నెట్‌వర్క్ అంటే ఏమిటో ఈ రెండు వాక్యాల్లో సగం తెలిసిపోతుంది. ‘జాలం’ అన్న తత్సమంలో ముడి కనిపించదు, ‘వల’ అన్న దేశ్యంలో కనిపిస్తుంది. ఇది దేశ్యాభిమానంతో చెప్పే మాట కాదు. ఏ మాట పాఠకుడి కంటికి వస్తువు భాగాలను చూపగలదన్న ప్రశ్నకు వచ్చిన సమాధానం మాత్రమే.

పొట్లమా, పత్రమా?

ఒక సందేశాన్ని ఉన్నదున్నట్టు ఒకే ధారగా పంపకుండా చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ చిరునామా రాసి, దేని దారిన దాన్ని పంపి, చేరినచోట మళ్ళీ కూర్చుకోవడం ఈ శాస్త్రానికి ప్రాణం వంటి ఆలోచన. 1960ల తొలినాళ్ళలో అమెరికాలో పాల్ బారన్, 1965లో బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరి పని ఒకరికి తెలియకుండానే ఈ ఆలోచనకు వచ్చారు. బారన్ ఆ ముక్కను సందేశ ఖండమన్నాడు. డేవిస్ ‘ప్యాకెట్’ అన్నాడు. ఆ మాటను ఖాయం చేసేముందు, ఇతర భాషల్లో దానికి సజాతీయ పదాలున్నాయా అని తన ప్రయోగశాలలోని భాషావేత్తలను అడిగి తెలుసుకున్నాడని ఇంటర్నెట్ చరిత్రకారులు నమోదు చేశారు. యంత్రశాస్త్రజ్ఞుడు ఒక మాటను ఎన్నుకునేముందు భాషావేత్త దగ్గరకు వెళ్ళిన ఈ ఘట్టం తెలుగు శాఖల్లో తరచు చెప్పుకోదగ్గది. మన విశ్వవిద్యాలయాల్లో అటువంటి ప్రశ్నతో భాషాశాఖ తలుపు తట్టిన ఇంజనీరింగ్ శాఖలు ఎన్ని ఉన్నాయో పాఠకులే చెప్పాలి.

డేవిస్ దృష్టిలో తెలుగు లేకపోయినా ‘ప్యాకెట్’ తెలుగులో కుదురుకుంది. పాల ప్యాకెట్ తెలియని ఇల్లు లేదు. దీన్ని ‘పొట్లం’ అనవచ్చన్న సూచనలో ఒక మేలు ఉంది. లోపలి సరుకు వేరు, పైన చుట్టిన కాగితం వేరు అన్న సంగతి పొట్లంలో తెలుస్తుంది. నెట్‌వర్క్ ప్యాకెట్‌లో కూడా లోపల సమాచారం, పైన చిరునామాల పట్టిక ఉంటాయి. ఆ పట్టికను మోసేవారు చదువుతారు, లోపలి సరుకుతో వారికి పని లేదు. ఇంతవరకే సాధారణ ధర్మం. ఒక పొట్లానికీ ఇంకో పొట్లానికీ మధ్య సంబంధం ఏదీ ఈ ఉపమానంలో లేదు. కిరాణా కొట్టులో కట్టిన పప్పు పొట్లం, చింతపండు పొట్లం దేనికవే పూర్ణం. నెట్‌వర్క్ ప్యాకెట్ ఒంటరిగా అపూర్ణం.

ఆ ధర్మాన్ని చూపగల ఉపమానం తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఎదురుగానే ఉంది. దారం తెగి చెల్లాచెదరైన తాటాకుల కట్టను తిరిగి పేర్చేటప్పుడు పరిష్కర్త మొదట చూసేది ఆకు అంచున ఉన్న పత్రసంఖ్యను. సంఖ్య ఉంటే ఆకులు ఏ క్రమంలో చేతికి వచ్చినా ఫరవాలేదు. ఏది లోపించిందో కూడా తెలుస్తుంది. ప్యాకెట్ మీద ఉండే క్రమసంఖ్య చేసే పని సరిగ్గా ఇదే. వాక్యం ఆకు చివర తెగి తరవాతి ఆకులో కొనసాగినట్టే సమాచారం కూడా ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. ఒక లెక్క చూద్దాం. సాధారణంగా వాడే ఈథర్నెట్ వరుసల మీద ఒక విడత సరుకు 1500 బైట్లకు మించదు. యూనికోడ్ అక్షరాలను పంపడానికి ఎక్కువగా వాడే పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతపు గుర్తు వేరే సంకేతం, ఒత్తు ఉంటే మరి రెండు. ఉత్పలమాలలో పాదానికి 20 చొప్పున 80 అక్షరాలు. ఈ లెక్కన పద్యం సుమారు 500 నుంచి 600 బైట్లు అవుతుంది. చిరునామాల పట్టిక పోగా ఒక ప్యాకెట్‌లో రెండు పద్యాలు హాయిగా పడతాయి, మూడవది పాదం మధ్యలో తెగవచ్చు. అక్షరం మధ్యలోనే తెగినా యంత్రానికి పట్టింపు లేదు. నూట ఎనిమిది పద్యాల శతకం ఒకటి యాభై ప్యాకెట్ల దాకా అయి బయలుదేరి, అవతల ఒక్క యతిస్థానం కూడా చెదరకుండా నిలబడుతుంది.

ఈ ఉపమానానికీ హద్దు ఉంది. తాటాకు పోతే పోయినట్టే, గ్రంథపాతమని రాసుకోవడమే. ప్యాకెట్ పోతే పంపినవాడు మళ్ళీ పంపుతాడు. ఎలా తెలుసుకుని పంపుతాడన్నది తరవాతి విషయం.

ఊఁ కొట్టడం

ప్రోటోకాల్ అన్న గ్రీకు మాట పపైరస్ చుట్టకు మొదట అంటించే పత్రం పేరు. దౌత్యమర్యాదల మీదుగా ప్రయాణించి యంత్రాల దగ్గరకు వచ్చింది. తెలుగులో నియమావళి, ఒడంబడిక, సంప్రదాయం అన్న ప్రతిపదాలు వాడారు. నియమావళి అన్నదానిలో అతివ్యాప్తి ఉంది; హాస్టలుకూ నియమావళి ఉంటుంది. ప్రోటోకాల్ అన్న మాట మాత్రం తెలుగు పత్రికా పాఠకుడికి బాగా తెలుసు. శిలాఫలకం మీద స్థానిక ప్రజాప్రతినిధి పేరు వేయలేదని రగడ జరిగినప్పుడల్లా ప్రోటోకాల్ ఉల్లంఘన అన్న శీర్షిక వస్తుంది. ఎవరి తరవాత ఎవరు, ఏ మాటకు ఏ బదులు అన్న క్రమం ఆ వాడుకలో ఉంది. యంత్రాలకూ అదే క్రమం. కనుక ఈ మాటను మార్చవలసిన అగత్యం లేదు.

మార్చవలసింది దాన్ని వివరించే తీరును. టీసీపీ అన్న ప్రోటోకాల్ సంభాషణ ప్రారంభించే పద్ధతిని ఇంగ్లీషులో కరచాలనం అంటారు, మనమూ అలాగే అనువదించుకున్నాం. కరచాలనం ఒకే క్షణంలో ఇద్దరూ కలిసి చేసే పని. ఇక్కడ జరిగేది మూడు వంతులుగా ఉంటుంది. దూరాభారపు ఫోనులో మనం చేసేదే అది: ‘వినపడుతోందా?’, ‘ఆఁ, వినపడుతోంది, నా మాట వినపడుతోందా?’, ‘వినపడుతోంది, చెప్పు.’ మూడో మాట లేకపోతే రెండోవాడికి తన గొంతు అవతలికి చేరుతున్నదో లేదో తెలియదు. మూడు వంతులు ఎందుకన్న విద్యార్థి ప్రశ్నకు కరచాలనం జవాబు చెప్పలేదు, ఫోను చెబుతుంది.

సంభాషణ మొదలయ్యాక జరిగేదానికి తెలుగు కథాసంప్రదాయంలో ఇంతకంటె దగ్గరి పోలిక ఉంది. పిల్లలకు కథ చెప్పే అవ్వ ‘ఊఁ కొట్టు’ అంటుంది. ఊఁ వినిపించినంతసేపూ కథ సాగుతుంది. వినిపించకపోతే ఆగుతుంది, ‘నిద్రపోయావా?’ అని అడుగుతుంది, చెప్పిన ముక్కే మళ్ళీ చెబుతుంది. టీసీపీ అందినట్టు రసీదు కోరడం, అది నిర్ణీత కాలంలో రాకపోతే అదే ప్యాకెట్‌ను తిరిగి పంపడం, రసీదులు సాఫీగా వస్తుంటే జోరు పెంచి ఆలస్యమైతే తగ్గించడం, ఇవన్నీ ఈ ఊఁలో ఉన్నాయి. భేదం ఒక్కటి చెప్పుకోవాలి. పిల్లవాడి ఊఁ ‘వింటున్నాను’ అని మాత్రమే చెబుతుంది. టీసీపీ రసీదు ‘ఫలానా సంఖ్య వరకు అందింది, దాని తరవాతిది పంపు’ అని లెక్క చెబుతుంది. యూడీపీ అన్న ప్రోటోకాల్‌కు ఊఁతో పని లేదు. అది ఊరి చాటింపు. డప్పు కొట్టి చెప్పుకుంటూ పోవడమే, విన్నవాడు విన్నాడు. ఇది తక్కువరకం పద్ధతి కాదు. వీడియో మాటామంతిలో జారిపోయిన మాటను రెండు క్షణాల తరవాత తెచ్చి వినిపిస్తే ఉపకారం కంటె గందరగోళమే ఎక్కువ.

‘స్పీడ్’ మింగిన మూడు మాటలు

ఈ రంగంలో తెలుగు వ్యవహారానికి జరిగిన పెద్ద నష్టం ‘స్పీడ్’ అన్న ఒక్క మాట వల్ల జరిగింది. నెట్ స్పీడుగా ఉంది, స్పీడ్ లేదు, స్పీడ్ ప్లాను అని అంటున్నాం. దీన్ని ‘వేగం’ అని అనువదించి పుస్తకాల్లో రాసినంత మాత్రాన దోషం పోదు, సంస్కరింపబడుతుందంతే. దీని కింద మూడు వేర్వేరు పరిమాణాలు నలిగిపోయాయి.

చిత్రమేమంటే ఆ మూడింటినీ వేరుచేసే భాష తెలుగు రైతుకు, తెలుగు దినపత్రికకు ఏనాటినుంచో ఉంది. జలాశయంలో ఎంత నీరుందో టీఎంసీలలో చెబుతారు. కాలువకు ఎంత వదులుతున్నారో క్యూసెక్కులలో చెబుతారు. ఈ రెండింటినీ ఎవరూ కలగాపులగం చేయరు. సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున ఒక రోజంతా వదిలితే ఒక టీఎంసీ అవుతుందని లెక్క కట్టగలిగినవారు ప్రతి ఆయకట్టు గ్రామంలోనూ ఉంటారు. మూడవది, తూము ఎత్తిన తరవాత నీరు చివరి భూములకు చేరడానికి పట్టే కాలం. నాగార్జునసాగర్ కుడికాలువ పొడవు సుమారు 200 కిలోమీటర్లు. తల దగ్గర తూము ఎత్తిన పూటే చివర మడి తడవదు. వదిలే నీటి పరిమాణం ఎంత పెంచినా ఆ దూరం తగ్గదు.

నెట్‌వర్క్‌లో టీఎంసీకి సమానం గిగాబైట్లలో చెప్పే డేటా మొత్తం. క్యూసెక్కుకు సమానం బ్యాండ్‌విడ్త్, సెకనుకు ఎన్ని బిట్లన్న లెక్క. చివరి భూముల నిరీక్షణకు సమానం లేటెన్సీ. అమ్మేవారు చెప్పేది క్యూసెక్కులే. పైగా దాన్ని బిట్లలో చెబుతారు, మనం ఫైళ్ళను బైట్లలో కొలుస్తాం. 8 బిట్లు ఒక బైటు కనుక 100 మెగాబిట్ల ప్లానులో సెకనుకు వచ్చేది 12.5 మెగాబైట్లకు మించదు. లేటెన్సీకి ప్రకృతి విధించిన హద్దు ఉంది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి న్యూయార్కు సరళరేఖలో సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా పరిచినా వెళ్ళి రావడానికి సెకనులో ఎనిమిదో వంతుకు పైగా పడుతుంది. భూస్థిర ఉపగ్రహం ఉన్న ఎత్తు 35,786 కిలోమీటర్లు. దాని మీదుగా ప్రశ్న వెళ్ళి జవాబు రావాలంటే దాదాపు అరసెకను. అటువంటి మార్గంలో సినిమా దించుకోవడం సుఖంగానే సాగుతుంది, మాటామంతి మాత్రం ఒకరి మాట మీద ఒకరి మాట పడుతూ నడుస్తుంది. ‘స్పీడ్ బాగానే ఉంది, అయినా మాట ఆలస్యంగా వస్తోంది’ అని తికమకపడే మనిషికి లోపించింది యంత్రజ్ఞానం కాదు, రెండో మాట.

ఇక్కడ ఒక సంగతి గమనార్హం. టీఎంసీ, క్యూసెక్కు రెండూ ఇంగ్లీషు పొడి అక్షరాలే. వాటికి ప్రతిపదాలు రాకపోవడం వల్ల తెలుగు సేద్యపు భాష చెడలేదు. అవి దేనికది వేరైన పని చేస్తున్నాయి కనుక నిలిచాయి. అట్లాగే బ్యాండ్‌విడ్త్‌ను ప్రసార సామర్థ్యమన్నా, బ్యాండ్‌విడ్త్ అనే అన్నా నష్టం లేదు. లేటెన్సీని దానిలో కలపకుండా ‘జాగు’ అంటే చాలు. నీటి ఉపమానం హద్దును కూడా చెప్పి ముందుకు పోదాం: కాలువలో ఏ నీటిబొట్టుకూ చిరునామా లేదు.

చిరునామా కథ

చిరునామా అన్నది పారసీకం నుంచి వచ్చిన మాట. ఉత్తరం తలమీద రాసేది అని మూలార్థం. జాబు, దస్త్రం కూడా అటువంటి మార్గాన వచ్చినవే. ఇవాళ ఎవరికీ పరాయిగా తోచవు. ఐపీ చిరునామా అన్నప్పుడు తెలుగు మాటగానే అది పనిచేస్తున్నది. కాని నెట్‌వర్క్‌లో చిరునామాలు ఒకటికి రెండున్నాయి, వాటి స్వభావాలు వేరు.

మ్యాక్ చిరునామా 48 బిట్ల సంఖ్య, పరికరం తయారైనప్పుడే దానికి తగిలించేది. పదవ తరగతి ధ్రువపత్రంలో రాసే పుట్టుమచ్చ వంటిది, మనిషి ఎక్కడ ఉన్నా మారదు అని చెప్పుకోవచ్చు. ఐపీ చిరునామా ఉన్న చోటును బట్టి వచ్చేది, చోటు మారితే మారేది. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు దీనికి చక్కని పోలిక. ఆరంకెల్లో మొదటిది 5 అయితే ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు పోవాలి. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి మిగతా అంకెలతో, ఇంటిపేరుతో అప్పటికి పని లేదు. రౌటర్ అన్నది ఆ ఉద్యోగి. చిరునామా ముందుభాగం చూసి ఏ దిక్కుకు తోయాలో నిర్ణయిస్తుంది. స్విచ్ ఊళ్ళో పోస్టుమ్యాన్. ఆ ఊరి మనుషులను ముఖాలతో సహా ఎరుగును, ఊరు దాటితే ఏమీ తెలియదు. స్విచ్‌ను ‘మీట’ అని తెలిగించడం తర్కశాస్త్రంలోని ఒంటిగిట్ట గోవు వంటిది. వెలిగించి ఆర్పే ధర్మం దీనికి లేనే లేదు.

పుట్టుమచ్చ పోలిక కొన్నేళ్ళ క్రితం నిర్దోషంగానే ఉండేది. ఇప్పటి ఫోన్లు, వెంట పడి జాడ తీసేవారిని తప్పించుకోవడానికి, వైఫైలో చేరేటప్పుడు మారు మ్యాక్ సంఖ్యను చెబుతున్నాయి. పుట్టుమచ్చ చెరిపి గీసుకోగలిగినది అయిపోయింది. శాస్త్రోపమానాలకు కావ్యోపమానాల వంటి చిరాయువు ఉండదనడానికి ఇదొక సాక్ష్యం. ఐపీ విషయంలోనూ మార్పు వచ్చింది. 32 బిట్ల పాత పద్ధతిలో సాధ్యమైన చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. వీటిలో ప్రపంచస్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలో పంపిణీ అయిపోయింది. 128 బిట్ల కొత్త పద్ధతి పాతదాని పక్కనే నడుస్తున్నది.

పోర్ట్ అన్నదాన్ని గురించి ఒక మాట. దీన్ని ‘రేవు’ అనడం పొరపాటు. ఇక్కడి పోర్ట్‌కు మూలం ఓడరేవు కాదు, ద్వారమన్న అర్థమున్న లాటిన్ శబ్దం. ఒకే తపాలా కార్యాలయంలో స్టాంపులకు ఒక కౌంటరు, పొదుపు ఖాతాకు ఇంకొకటి ఉన్నట్టు, ఒకే ఐపీ చిరునామాలో వెబ్ పుటలకు 80, 443 సంఖ్యలు, మెయిల్‌కు 25 కేటాయించారు. కౌంటరు అన్న మాటే చాలు.

సంఖ్యలను మనుషులు గుర్తుంచుకోలేరు కనుక 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్ పేర్లను సంఖ్యలకు ముడిపెడుతుంది. తెలుగు లిపిలో ‘.భారత్’ అన్న కొసపేరుకు గుర్తింపు వచ్చినప్పుడు తెలుగు చిరునామాలు వచ్చాయని సంతోషించాం. సంతోషించదగినదే. అయితే తెలుగులో కొట్టిన ఆ పేరు తీగలోకి దిగేముందు రోమన్ అక్షరాలు, అంకెలు కలిసిన, ఎవరూ చదవలేని ఒక వరుసగా మారిపోతుంది. డీఎన్ఎస్‌కు తెలిసింది ఆ వరుసే. తెలుగు పేరు తెరమీది రూపం మాత్రమే.

సర్వర్

క్లయింట్, సర్వర్ అన్న జంటకు గ్రాహకం, సేవకం అన్న తత్సమాలు కట్టారు. సేవకుడు అన్న మాటలో ఉన్న తక్కువతనం, ఆజ్ఞకు తలవంచడం సర్వర్‌లో లేవు. ఇవ్వవచ్చునా లేదా అని నిర్ణయించేది అదే. వడ్డించేవాడన్న పోలిక కొంత నయం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదన్న సామెతలోని అధికారం దానికి ఉంది. కాని మన పంక్తిలో వడ్డించేవాడు అడగకుండానే వస్తాడు. సర్వర్ అడిగితేనే కదులుతుంది. సర్వర్ అంటే ఒక యంత్రం పేరు కాదు, ఒక పాత్ర. అభ్యర్థన కోసం కాచుకుని ఉండి బదులిచ్చేది ఏదైనా సర్వరే. బదులివ్వడం కోసం తాను ఇంకొకదాన్ని అడిగినప్పుడు అదే క్లయింట్ అవుతుంది.

ఈ చర్చ పండితులకు మాత్రమే సంబంధించినదనుకోవడానికి వీలు లేదు. ‘సర్వర్ లేదు’, ‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్నవి ఇవాళ పల్లెల్లో అక్షరం రానివారి నోట కూడా వినిపించే వాక్యాలు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోయినా, సిమ్‌కు సిగ్నల్ అందకపోయినా, తీగ తెగినా, పేరు నుంచి సంఖ్య దొరకకపోయినా, నిజంగానే దూరాన ఎక్కడో సర్వర్ ఆగిపోయినా కారణంగా చెప్పేది ఒకటే మాట. ఇంత అతివ్యాప్తి గల పదం మన పరిభాషలో మరొకటి లేదు. దాని వెంట వచ్చే ‘రేపు రండి’ అన్న మాట కూడా మారదు. సర్వర్ ఆగితే రేపు రావడంలో అర్థముంది. సిగ్నల్ లోపమైతే యంత్రాన్ని నాలుగడుగులు బయటికి తెస్తే సరిపోవచ్చు. జీవితమంతా కంకర మోసి వేలిగీతలు అరిగిన మనిషికి రేపూ ఎల్లుండీ ఒకటే; ఆమె వేరే మార్గం అడగాలి. ఏది నిజమో తేల్చుకోవడానికి నెట్‌వర్క్ శాస్త్రం అంతా రానక్కరలేదు. దూరాన ఉన్న సర్వర్ అందరికీ ఒకటే కనుక, పక్క ఊరి దుకాణంలో ఈ పూట బియ్యం ఇస్తున్నారా అని ఎవరినైనా కనుక్కుంటే తెలిసిపోతుంది.